కలమును నమ్మి బ్రతికినవారు

గ్రంథాలయపు బీరువా తలుపు తెరచినచో వరుసగా కనబడునవి పుస్తకముల వెన్నులు, వానిపై రచయితల పేర్లు. ఆ పేరు గలవారు ఏమి తిని బ్రతికిరో, ఇంటి అద్దెకు ఎవ్వరిని ఆశ్రయించిరో, బిడ్డల చదువులకు సొమ్ము ఎచ్చటినుండి తెచ్చిరో ఆ వెన్నులపై వ్రాసియుండదు. సాహిత్య చరిత్రకారులు కవి కాలమును, వంశమును, గ్రంథముల పౌర్వాపర్యమును పుటలకొలది చర్చింతురు. ఆతని జీవనోపాధిని గూర్చి మాత్రము దారిద్ర్యము ననుభవించెననియో, రాజాదరము పొందెననియో ఒక్క వాక్యముతో ముగింతురు. ఆ ఒక్క వాక్యము వెనుక దీర్ఘమైన కథ యున్నది. స్థిరమైన కొలువును గాని మాన్యమును గాని నమ్ముకొనక, వ్రాసిన వ్రాతను అమ్ముకొని బ్రతుకజూచినవారి కథ యది. ఇందు ప్రతిభకు చోటున్నది గాని, ప్రతిభయే అన్నిటిని నిర్ణయింపలేదు. వ్రాత నెవ్వరు కొనిరి, ఏ షరతుపై కొనిరి, సొమ్ము ఒక్కమారు ఇచ్చిరా, పలుమార్లు ఇచ్చిరా, అచ్చులో పేరు నిలిపిరా, తుడిచిరా అను ప్రశ్నలే రచయిత బ్రతుకును తీర్చినవి.

ఈ బేరము నేటిది గాదు. పదునైదవ శతాబ్దిలో శ్రీనాథుడు కొండవీటి పెదకోమటి వేమారెడ్డి ఆస్థానమున విద్యాధికారి. అది కొలువు. కొండవీటి రాజ్యము కూలిన పిమ్మట ఆ కొలువును పోయినది. అటుపిమ్మటి శ్రీనాథుడే ఈ కథకు కావలసినవాడు. విజయనగరమున ప్రౌఢదేవరాయల సభలో డిండిమభట్టును వాదమున గెలిచి కనకాభిషేకము పొందెనని సంప్రదాయము చెప్పుచున్నది. రాజమహేంద్రవరమునకు పోయి వీరభద్రారెడ్డికి కాశీఖండమును, ఆయన మంత్రియగు బెండపూడి అన్నయకు భీమఖండమును అంకితమిచ్చెను. హరవిలాసమును అంకితము పొందిన అవచి తిప్పయసెట్టి రాజుగాడు, మంత్రియు గాడు. సింహళము నుండి ఏనుగులను, హురుమంజి నుండి గుర్రములను, చీనా నుండి పట్టుబట్టలను తెప్పించి రాజులకు అమ్మిన వర్తకుడు. కవి తన కావ్యమునకు సముద్ర వర్తకుని గూడ పోషకుని చేసికొనుట గమనింపదగిన విషయము. కొనువాడు ఒక్కడే యైనచో ఆతనితోపాటు అమ్మువాడును మునుగునని శ్రీనాథునకు తెలిసియుండవలెను.

తెలిసియు తప్పించుకొనలేకపోయెను. కృష్ణాతీరమున బొడ్డుపల్లిలో భూమిని గుత్తకు తీసికొనెననియు, వరద వచ్చి పంట పోయెననియు, ఏడువందల టంకముల బాకీ తీర్చలేక శిక్ష ననుభవించెననియు చాటువులు చెప్పుచున్నవి. అందెంత సత్యమో ఎట్లున్నను, కాశీఖండమున కన్నియేని టంకములు వచ్చియుండవచ్చును. అవి వచ్చినది ఒక్కమారే. కావ్యము ఊరూర చదువబడినను, లేఖకులు తాటాకులపై ఎన్ని ప్రతులు వ్రాసికొనినను కవికి ఆపై గవ్వయు రాదు. అంకితమనగా ఒక్కమారు జరిగిన అమ్మకము.

ఈ పద్ధతి చివరి వెలుగును చూపినవారు తిరుపతి వేంకటకవులు. దివాకర్ల తిరుపతిశాస్త్రి 1872లోను, చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి 1870లోను జన్మించిరి. ఇరువురును చర్ల బ్రహ్మయ్యశాస్త్రి శిష్యులు. చదువు ముగియుసరికి చేతిలో సంస్కృతాంధ్రములు, ధారణాశక్తి తప్ప వేరు ఆస్తి లేదు. ఆ ధారణనే ఆస్తిగా చేసికొనిరి. నూరుగురు పృచ్ఛకులు నూరు విషయముల నిచ్చి పద్యములడుగగా, ఒక్కొక్కరికి ఒక్కొక్క చరణము చొప్పున చెప్పుకొనిపోయి, తుదకు అన్నింటిని వరుస తప్పక అప్పజెప్పు శతావధానమును ఇంతకుముందు పండితులు ఎరిగినదే. దానిని ఊరూర పదిమంది చూడవచ్చు వేడుకగా మార్చిన ఘనత వీరిది. గద్వాల, వనపర్తి, ఆత్మకూరు, వేంకటగిరి, విజయనగరము, పిఠాపురము - సంస్థానమున్న చోటనెల్ల వీరి అడుగు పడినది. ఆ తిరుగుళ్ల ఫలమే ‘నానారాజసందర్శనము’ అను గ్రంథము. పేరు చూచినంతనే ఆనాటి కవి వృత్తి తెలియును. రాజును దర్శించుట ఒక పని. దర్శనము దొరకుట వేరొక పని. ముందు దివాను అనుమతి, దివానునకు ముందు ఆస్థాన పండితుని అనుమతి కావలెను. ఆస్థాన పండితుడు క్రొత్తగా వచ్చిన కవిని ఆదరించుట ఎంత సహజమో ఊహింపవచ్చును. లోనికి పోయిన పిమ్మట శాలువయు నూటపదహార్లును, అదృష్టము బాగున్నచో ఏటేట వచ్చు వార్షికమును లభించెడివి.

ఈ జంటకవులు కేవలము యాచకులుగా తిరుగలేదు. పండితులకు, రాజులకు గూడ తల వంచని ధీమా వారిది. ఆ ధీమాయే వారి సరకునకు విలువ తెచ్చినది. అయినను వయస్సు పైబడుకొలది తిరుగుడు కష్టమైనది. పోలవరము జమీందారు ఆశ్రయమున కొంతకాలము గడచినది. అచ్చట ‘సరస్వతి’ పత్రికతోడి సంబంధమును కలిగినది. వేంకటశాస్త్రి బందరు హిందూ హైస్కూలులో తెలుగు పండితుడయ్యెను. విశ్వనాథ సత్యనారాయణ, పింగళి లక్ష్మీకాంతము, కాటూరి వేంకటేశ్వరరావు వంటి శిష్యులు లభించిన దా బడిలోనే. నెలజీతము లేక గడచిన యౌవనమునకు పిమ్మట నెలజీతమే శరణమైనది. తిరుపతిశాస్త్రి 1920లో మరణించెను. ఆపై వేంకటశాస్త్రి తాను వ్రాసినదానిని గూడ జంట పేరనే ప్రకటించెను. 1949లో మద్రాసు ప్రభుత్వము ఆయనను ఆస్థానకవిగా నియమించినది. అప్పటి కాయన వయస్సు డెబ్బదితొమ్మిది. మరుసటి యేట 1950లో శివరాత్రినాడు కీర్తిశేషుడయ్యెను.

పాండవోద్యోగ విజయముల సంగతి ఇచ్చట చెప్పక తప్పదు. ఆ నాటకములలోని పద్యములను పాడని పల్లె తెలుగునాట లేదు. కృష్ణ వేషధారులు ఆ పద్యములతో మెడల్ పై మెడల్ సంపాదించిరి; కాంట్రాక్టర్లు టిక్కెట్లమ్మిరి; హార్మోనిస్టులకు చేతినిండ పని దొరకినది. ప్రతి ప్రదర్శనమునకును కవికి ఇంత పాలు అను సంప్రదాయము మాత్రము తెలుగు రంగస్థలమున నెలకొనలేదు. పద్యము కవిది, కాసు నటునిది అన్నట్లు రోజులు గడచినవి.

ఇంతలో అచ్చుయంత్రము వచ్చి బేరము స్వరూపమును మార్చినది. ఇంగ్లండున ఈ మార్పు శతాబ్దము ముందే జరిగినది. శామ్యూల్ జాన్సన్ 1746లో నిఘంటువునకై పుస్తక విక్రేతలతో 1500 గినీలకు ఒడంబడిక చేసికొనెను. పోషకుడు కావలసిన చెస్టర్‌ఫీల్డు ప్రభువు మొదట పది పౌనులిచ్చి మరచి, గ్రంథము ముగియుచున్నప్పుడు పొగడవచ్చెను. 1755లో జాన్సన్ ఆయనకు వ్రాసిన లేఖ ప్రభువుల పోషణకు వీడ్కోలు పత్రమని పేరుపడినది. అయితే ఆ 1500 గినీలలోనే సహాయకుల జీతములు, కాగితపు ఖర్చులు పోవలెను. అంతటి జాన్సన్ సైతము 1762లో రాజు మంజూరు చేసిన ఏటికి 300 పౌనుల పింఛనును కాదనలేకపోయెను.

తెలుగున ఈ మార్పునకు రాజమహేంద్రవరము కేంద్రమైనది. కందుకూరి వీరేశలింగము 1874లో ‘వివేకవర్ధని’ని స్థాపించెను. మొదట మద్రాసులో అచ్చు వేయించి, పిమ్మట సొంత ముద్రాక్షరశాలను పెట్టుకొనెను. ‘రాజశేఖర చరిత్రము’ 1878లో ఆ పత్రికలోనే కొంచెము కొంచెముగా వెలువడి, 1880లో గ్రంథమైనది. ఇక్కడ రచయితయే పత్రికాధిపతి, రచయితయే అచ్చుకూటపు యజమాని. తన వ్రాతకు తానే కొనుగోలుదారుగా నిలుచుట వీరేశలింగము కనుగొనిన ఉపాయము. అయితే ఆయన ఉపాధ్యాయుడు గూడ. పాఠ్యపుస్తకములను గూడ వ్రాసినవాడు. పరవస్తు చిన్నయసూరి నీతిచంద్రిక అచ్చయిన 1853 మొదలుకొని తెలుగు రచయితకు ధనము చేర్చిన గ్రంథము కావ్యము గాదు, పాఠ్యపుస్తకము. బడిపిల్లవాడు కొనక తప్పని పుస్తకము అది యొక్కటే గదా.

వీరేశలింగము సంపాదకత్వమున న్యాపతి సుబ్బారావు నడపిన ‘చింతామణి’ పత్రిక నవలల పోటీ పెట్టి బహుమానము ప్రకటించినది. ‘నవల’ అను మాటయే అప్పటికి క్రొత్త. 1894లో ఆ బహుమానమును ‘రామచంద్ర విజయము’నకు పొందినవాడు చిలకమర్తి లక్ష్మీనరసింహము. ఆయన జీవితమును చూచినచో స్వతంత్ర రచయిత యొక్క కష్టసుఖములన్నియు ఒకచోట కనబడును. చిన్ననాటినుండియు రేచీకటి, వయస్సు మీరుకొలది చూపు పూర్తిగా పోయినది. గయోపాఖ్యానము వంటి నాటకములను నాటక సమాజమునకై వ్రాసెను. బడిపంతులు పని చేసెను. పోటీలకు నవలలు వ్రాసెను. పత్రికలు నడపెను, అచ్చుకూటము నడపెను. కన్నులు పోయిన పిమ్మట చెప్పి వ్రాయించెను. ఒక్క పని యేదియు కుటుంబమును పోషింపజాలదు. అన్నియు కలిసినచో పోషించును. గయోపాఖ్యానము లక్ష ప్రతులకు మించి అమ్ముడుపోయినదని ప్రసిద్ధి. తెలుగు పుస్తకమునకు అంతకు మున్నెన్నడు నెరుగని మాట యది.

1906లో హైదరాబాదున కొమర్రాజు లక్ష్మణరావు ప్రభృతులు స్థాపించిన విజ్ఞానచంద్రికా మండలి చందాదారుల నేర్పరచుకొని గ్రంథములు ప్రకటించు పద్ధతిని తెచ్చినది. 1907లో వెలువడిన దాని తొలి గ్రంథము గాడిచర్ల హరిసర్వోత్తమరావు రచించిన అబ్రహాము లింకను చరిత్రము. ఈ పద్ధతిలోని విశేషము గమనింపవలెను. పుస్తకము అచ్చగుటకు ముందే కొనువారు సిద్ధముగా నున్నారు. అదే కాలమున గ్రంథాలయోద్యమము తలయెత్తినది. విజయవాడలో 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము ఏర్పడినది; వేటపాలెమున సారస్వత నికేతనము 1918లో వెలసినది; అయ్యంకి వేంకటరమణయ్య వంటివారు ఊరూర తిరిగిరి. రాజు తర్వాత, జమీందారు తర్వాత, తెలుగు రచయితకు దొరకిన మూడవ పోషకుడు ఈ పల్లెటూరి గ్రంథాలయము. ఆ పోషకునకు సింహాసనము లేదు. నెలకొక అణా చందా పోగుచేయు కార్యదర్శియు, ఒక బీరువాయు, ఒక లాంతరును తప్ప.

నాలుగవ పోషకుడు తలనొప్పి మందు. పరిహాసముగా తోచినను ఇది సత్యము. కాశీనాథుని నాగేశ్వరరావు 1893లో బొంబాయిలో స్థాపించిన అమృతాంజనము వ్యాపారము లాభించుటచేతనే 1908లో ఆంధ్రపత్రిక వారపత్రికగా అచ్చటనే వెలువడినది. 1914లో మద్రాసున దినపత్రికయైనది. 1924లో ‘భారతి’ వచ్చినది. భారతిలో వ్యాసము పడుట పండితునకు పట్టాభిషేకము వంటిది. ఉగాది సంచికకై రచయితలు ఏడాది పొడవున కాచుకొనెడివారు. పత్రిక నిలుచుటకు పత్రికపై వచ్చు ఆదాయము చాలదనియు, వేరొక వర్తకము దానిని మోయవలెననియు అప్పటినుండియే స్పష్టమైనది. ఆ సంస్థల కాలము తీరుటతో భారతియు 1991లో ఆగిపోయినది.

భారతికి ఎక్కని రచన యొకటి రైలుబండి ఎక్కినది. కొవ్వలి లక్ష్మీనరసింహారావు 1912లో తణుకున జన్మించెను. 1930ల నడుమ నుండి చిన్న చిన్న నవలలు వ్రాయ నారంభించి వేయి నవలలను పూర్తి చేసెను. రైల్వేస్టేషనులలో పకోడీల ప్రక్కన, వేరుశనగల ప్రక్కన అవి అమ్ముడుపోయినవి. ఒక స్టేషనులో కొనినది నాలుగు స్టేషనులు దాటుసరికి ముగియును. ఇంటిలో వంటపని ముగించుకొని, తలుపు దగ్గరగా వేసికొని, కొవ్వలి నవల చదివిన స్త్రీలు లెక్కకు మిక్కిలి. ఆ నవలలకొరకే అక్షరములు కూడబలుకుకొని చదువు నేర్చినవారున్నారని పెద్దలు చెప్పుదురు. విమర్శకులు మాత్రము ఆయన పేరును సాహిత్య చరిత్రలో ఎత్తుటకైన ఇష్టపడలేదు.

వేయి నవలలనగా నేమో లెక్క వేసి చూడవలెను. ఆయన 1975లో మరణించెను. నలుబదియేండ్ల రచనా జీవితమున పంచినను ఏటికి ఇరువదియైదు; అనగా రెండు వారములకు ఒక నవల. జ్వరము వచ్చినను, ఇంట శుభాశుభములు కలిగినను ఆ లెక్క ఆగరాదు. ఇంత వేగమునకు కారణము ప్రతిభ యొక్కటే గాదు. ఆనాటి చౌకనవలల వ్యాపారమున ప్రతికి ఇంత యను రాయల్టీ అరుదు. వ్రాతప్రతికి ఇంత యని ఒక్కమారు పుచ్చుకొని, సర్వహక్కులను ప్రకాశకునకు వదలుకొనుట వాడుక. అట్టి బేరమున నిన్నటి నవల నేటి కూటికి పనికిరాదు. నేటి కూటికి నేడే మరియొకటి వ్రాయవలెను. శ్రీనాథుని అంకితమునకును, ఈ వ్రాతప్రతి అమ్మకమునకును నడుమ అయిదువందల యేండ్లు గడచినవి. సొమ్ము మాత్రము రెండింటను ఒక్కమారే వచ్చినది.

కొవ్వలియు కొంతకాలము సినిమాలవైపు చూచెను. చూడనివారెవ్వరు? 1940ల తర్వాత మద్రాసు నగరము తెలుగు రచయితలకు గద్వాలయు, విజయనగరమును అయినది. శ్రీశ్రీ 1950లో వచ్చిన ‘ఆహుతి’కి మాటలు పాటలు వ్రాసి, డబ్బింగు రచన యను క్రొత్త వృత్తికి బాట వేసెను. పెదవుల కదలికకు సరిపడ తెలుగు మాటను కుదుర్చుట అవధానములోని నిషిద్ధాక్షరి వంటిదే. కృష్ణశాస్త్రి 1951లో ‘మల్లీశ్వరి’ వ్రాసెను. మల్లాది రామకృష్ణశాస్త్రి కథలకు మురిసిన పాఠకులు, ఆయన మద్రాసు చేరి సినిమాలకు తెరవెనుక నుండి ఏండ్ల తరబడి వ్రాసిన సంగతి నెరుగరు. 1952లో ‘చిన్నకోడలు’తో గాని ఆయన పేరు తెరపైకి రాలేదు. తెరవెనుక వ్రాతలో కీర్తి లేదు. కిరాణాకొట్టు బాకీ తీరును.

ఆరుద్ర ఈ విపణిని వేరొక విధముగా వాడుకొనెను. ఆయన వ్రాసిన సినిమా పాటలు పాఠకులెరిగినవే. ఆ పాటల సంపాదన నిలిపిన ఇంటిలో కూర్చుండి, ఏ విశ్వవిద్యాలయపు జీతమును లేక, ‘సమగ్ర ఆంధ్ర సాహిత్యము’ను సంపుటముల వెంబడి వ్రాసెను. 1965 నుండి వెలువడిన ఆ సంపుటములు నేటికిని విద్యార్థులకు ఆధారగ్రంథములు. ఒక చేతితో అమ్మకపు వ్రాత, రెండవ చేతితో అమ్మకమునకు లొంగని వ్రాత. ముళ్లపూడి వెంకటరమణ ఆంధ్రపత్రిక వారపత్రికలోని ఉద్యోగమును వదలి ఈ విపణిలో దిగినవాడు. 1962లో ‘రక్తసంబంధము’, 1964లో ‘దాగుడుమూతలు’ ఆయనకు చోటు చూపినవి. అప్పు చేయుటను కళగా చేసికొనిన అప్పారావును ఆయన ‘ఋణానందలహరి’లో సృష్టించెను. నెలజీతము లేని రచయిత తప్ప వేరొకడు ఆ పాత్రను అంత ప్రేమతో తీర్చలేడు.

ఉద్యోగము దొరకినను పేరు దొరకని చోటు గూడ కలదు. 1947 జూలైలో బి. నాగిరెడ్డి, చక్రపాణి స్థాపించిన ‘చందమామ’ను 1952 నుండి 1980లో మరణించు వరకు తీర్చిదిద్దినవాడు కొడవటిగంటి కుటుంబరావు. గుమాస్తాగా, బడిపంతులుగా, కర్మాగారమున పనివానిగా, పత్రికా కార్యాలయములలో ఉద్యోగిగా తిరిగి తిరిగి ఆ కుర్చీని చేరుకొనెను. పత్రికపై సంపాదకునిగా అచ్చయిన పేరు మాత్రము చక్రపాణిది. అదే కార్యాలయమున దాసరి సుబ్రహ్మణ్యము ‘తోకచుక్క’, ‘కంచుకోట’, ‘జ్వాలాద్వీపము’, ‘రాకాసిలోయ’ వంటి ధారావాహికలు వ్రాసెను. భారతీయ భాషలనేకములలోనికి అవి పోయినవి. ఏ సంచికయందును ఆయన పేరు లేదు. ఆ కథలకై నెల నెల తపాలా జవాను కొరకు వీథిలో కాచుకొనిన పిల్లలు తాతలైన పిమ్మటనే, వానిని వ్రాసిన వాని పేరు వారిలో పెక్కుమందికి తెలిసినది. సుబ్రహ్మణ్యము 2010లో మరణించెను. జీతము క్రమముగా వచ్చుట ఒక భాగ్యము. దానికి మూల్యము ఆ పేరు.

రావూరి భరద్వాజ కథ ఈ వరుసలో ప్రత్యేకము. 1927లో నందిగామ ప్రాంతపు మోగులూరున జన్మించి, తాడికొండలో పెరిగెను. బడి చదువు ప్రాథమిక దశను కొంచెము దాటి ఆగిపోయినది. పొలముల వెంట, కర్మాగారములలో, అచ్చుకూటములలో కూలి చేసెను. ఆ తర్వాతి చదువంతయు అరువు పుస్తకములది, గ్రంథాలయములది. 1946లో నెల్లూరు ‘జమీన్ రైతు’లో చేరినది మొదలు, పదుమూడేండ్లలో అరడజను పత్రికలు మారెను. ఒక పత్రిక మూతపడినచో మరియొకటి. జీతము రానిచో కథలు. 1959లో ఆకాశవాణిలో చేరిన పిమ్మట గాని కాలు నిలువలేదు. సినిమా లోకపు చీకటివెలుగులను చిత్రించిన ఆయన ‘పాకుడురాళ్లు’ నవల సుప్రసిద్ధము. 2012 సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారము ఆయనను వరించినది. 2013లో ఆయన పరమపదించెను.

వారపత్రికల కాలమున కలమును నమ్మి నిలకడగా బ్రతుకవచ్చునని చూపినవారిలో మాలతీ చందూర్‌ను ముందు చెప్పవలెను. 1952లో ఆంధ్రప్రభ వారపత్రిక వెలువడినది. అందు ‘ప్రమదావనము’ అను శీర్షికను ఆమె నలుబది యేండ్లకు పైగా నడపెను. వంట, ఆరోగ్యము, పిల్లల పెంపకము, అత్తాకోడండ్ర పోరు, పెండ్లిచూపులు - పల్లెనుండి పట్టణమునుండి స్త్రీలు ఉత్తరములలో అడిగిన ప్రశ్నలకు ఆమె ప్రతివారము సమాధానము చెప్పెను. నవలలు, కథలు వ్రాసి 1992లో ‘హృదయనేత్రి’కి సాహిత్య అకాడెమీ పురస్కారము పొందినను, ఇంటింటికి ఆమె పేరును చేర్చినది ఆ శీర్షికయు, ‘వంటలు-పిండివంటలు’ అను పుస్తకమును. ‘పాతకెరటాలు’ శీర్షికలో ప్రపంచ నవలలను తెలుగువారికి క్లుప్తముగా పరిచయము చేసెను. ఆమె మార్గమున ఒక విజ్ఞత కనబడును. నవల వ్రాసినప్పుడు వచ్చు సొమ్ము ఎప్పుడు వచ్చునో తెలియదు. శీర్షికకు వచ్చునది చిన్నదైనను వారము తప్పదు. వారము తప్పనిదానిని పట్టుకొని, ఎప్పుడు వచ్చునో తెలియనిదానికై ఆమె కాచుకొనెను. ఒక్క వారమైన గడువు తప్పనివానికే ఆ మార్గము దక్కును.

1980లలో ధారావాహిక నవల వారపత్రికను మోసినది. చార్టర్డు అకౌంటెంటుగా చదివి, బ్యాంకు ఉద్యోగమును విడిచి రచననే వృత్తిగా తీసికొనిన యండమూరి వీరేంద్రనాథ్ ఆ కాలపు ప్రతినిధి. పిమ్మట టెలివిజను ఇల్లిల్లు చేరినది. వారపత్రికలు ఒకటొకటిగా సన్నగిల్లినవి; 2020లో కొవిడ్ కాలమున మిగిలినవానిలోను కొన్ని అచ్చు నిలిపివేసినవి. వానితో కథకు ఇంత, శీర్షికకు ఇంత యని వచ్చు చిన్న మొత్తముల మార్గము చాలవరకు మూసికొనిపోయినది.

సర్వహక్కుల సంగతిలో చట్టము ఆలస్యముగా మేల్కొనినది. 1914 నాటి చట్టము స్థానమున 1957లో క్రొత్త కాపీరైటు చట్టము వచ్చి, 1958 జనవరి 21 నుండి అమలైనది. రచయిత మరణానంతరము 50 ఏండ్ల వరకు హక్కు నిలుచునని అది నిర్ణయింపగా, 1992లో దానిని 60 ఏండ్లకు పెంచిరి. అయితే హక్కును వ్రాసియిచ్చివేసినవానికి ఆ యేండ్లతో పని లేదు. పాట వ్రాసినవాడు ఒక్కమారు సొమ్ము పుచ్చుకొని సంతకము చేసినచో, ఆ పాట గ్రామఫోనులో, రేడియోలో, క్యాసెటులో ఎన్నివేల మార్లు మ్రోగినను ఆతనికి సంబంధము లేకపోయెడిది. 2012లో చేసిన సవరణ, సినిమాకు వ్రాసినవారు అట్టి వినియోగములపై వచ్చు రాయల్టీలోని తమ సమభాగమును నిర్మాతకు వదలుకొనుటకైన వీలులేకుండ చేసినది. అప్పటికి మల్లాది పోయి 47 ఏండ్లు. శ్రీశ్రీ పోయి 29 ఏండ్లు. ఆరుద్ర పోయి 14 ఏండ్లు.

తుదకు కథ మరల గ్రంథాలయపు బీరువా యొద్దకు వచ్చును. 1948లో మద్రాసు రాష్ట్రమునను, 1955లో హైదరాబాదు రాష్ట్రమునను, 1960లో ఆంధ్రప్రదేశమునను పౌరగ్రంథాలయ చట్టములు వచ్చి, ఇంటిపన్నుపై గ్రంథాలయ సెస్సు ఏర్పడినది. ఆ సెస్సుతో కొనబడిన ప్రతులు పెక్కు తెలుగు గ్రంథముల ముద్రణ ఖర్చును గట్టెక్కించినవి. వేయి ప్రతులు అచ్చువేసి, అందులో గ్రంథాలయములు కొనిన ప్రతులతోనే కాగితపు బాకీ తీర్చుకొనిన రచయితలున్నారు. రచయితయే ప్రకాశకుడై, సంచిలో పుస్తకములు వేసికొని కొనుగోలు ఉత్తరువుకై కార్యాలయముల మెట్లెక్కిన దృశ్యము, నానారాజసందర్శనమునకు ఇటీవలి రూపము.

అయినను గ్రంథాలయమున చేరిన ప్రతి ఒక్కమారే అమ్ముడుపోవును. దానిని ఇరువదియైదేండ్లలో ముప్పదిమంది చదివినను, మూడువందలమంది చదివినను, అట్ట ఊడి మరల కుట్టించి చదివినను రచయితకు ముట్టినది మొదటి వెలలోని భాగమే. డెన్మార్కు దేశము 1946లోనే ఈ విషయమును గుర్తించి, గ్రంథాలయములలోని పుస్తకములను బట్టి రచయితలకు ఏటేట కొంత సొమ్ము చెల్లించు పద్ధతిని పెట్టినది. బ్రిటనులో 1979లో చట్టము చేసి, 1984 నుండి చెల్లింపులు మొదలిడిరి. అచ్చట ఆ సొమ్మును చెల్లించునది పాఠకుడు గాదు, గ్రంథాలయమును గాదు, ప్రభుత్వ నిధి. ఎంచిన కొన్ని గ్రంథాలయములలో ఏ పుస్తకము ఎన్నిమార్లు ఇంటికి పోయినదో లెక్కించి, ఆ లెక్కపై రచయితకు పైకము పంపుదురు. భారతదేశమున అట్టి చట్టము లేదు. లెక్క మాత్రము కలదు. పుస్తకము కడపటి పుటకు అంటించిన చీటిపై, తీసికొనిపోయిన తేదీలు, తిరిగి యిచ్చిన తేదీలు, చీటి నిండినచో దానిపై అంటించిన మరియొక చీటి - ఆ లెక్కను పల్లెటూరి గ్రంథపాలకులు ఏ చట్టమును అడుగకుండగనే ఇన్నేండ్లుగా వ్రాసియుంచిరి.